ఎర్రకుక్కకు పెట్టిన తొలి ముద్ద

మా అత్తగారింట్లో ఒక పద్ధతి ఉండేది. ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా ఆ పూట తొలి సంగటి ముద్ద వాళ్లకే. చుట్టమైనా, సంతలో కొన్న ఎద్దయినా, కోడలైనా సరే. ఆ మర్యాద గురించి ఊరంతా గొప్పగా చెప్పుకునేవాళ్లు. చెప్పుకునేవాళ్లెవరూ ఆ ముద్ద తిన్నవాళ్లు కారు.

నేను తిన్నాను. పెనుకొండకు దగ్గరలోని ఆ ఊళ్లో, ఆ ఇంటికి నేను మూడో కోడలిని. పెళ్లయి వచ్చిన రోజు, పొద్దున్నుంచీ చాకిరీ చేసి ఆకలి మీదున్న ఇద్దరు తోటికోడళ్ల ఎదుట నన్ను కూర్చోబెట్టి, నెయ్యి పోసి మరీ పెట్టారు. వాళ్లిద్దరూ నా చేతివైపే చూస్తూ నిలబడ్డారు. మర్నాటి నుంచి రాగులు విసరడం నాది, పేడ ఎత్తడం నాది, అందరి తర్వాత తినే వంతూ నాదే. ఆ ముద్ద నాకు అచ్చిరాలేదు.

కొన్ని నెలలకు మా నాయన నన్ను చూడడానికి బండి కట్టుకుని వస్తూ ఎర్రకుక్కను తెచ్చాడు. మాది హిందూపురం పక్క పల్లె. కన్నడం మాట్లాడే గొర్రెల కాపరి దగ్గర పిల్లగా తెచ్చుకున్నది కాబట్టి దానితో మేమంతా కన్నడంలోనే మాట్లాడేవాళ్లం. రమ్మని ‘బా’ అంటూ పిలిస్తే ఎంత దూరంలో ఉన్నా పరిగెత్తి వచ్చేది. అత్తగారి చెనిక్కాయ చేలో అడవిపందులు పడుతున్నాయి, కాపలాకు పనికొస్తుంది అన్నాడు నాయన. అది పైకి చెప్పిన మాట. పుట్టింటి ప్రాణి ఒకటి దగ్గరుంటే కూతురు ఏడవకుండా ఉంటుందని ఆయన ఆశ. నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో నాదనేది ఇంకేమీ లేదు.

నాయన వస్తున్నాడని కబురు తెలిసి అత్త నాచేత పెళ్లిచీర కట్టించింది. నాయన ధర్మవరంలో మగ్గం దగ్గర కూర్చుని నేయించిన పట్టుచీర అది. కూతుర్ని ఎంత బాగా చూసుకుంటున్నారో ఆయన చూడాలి కదా.

ఆ ఇంట్లో అప్పటికే మూడు కుక్కలున్నాయి. ముసలి నల్లకుక్క, దాని కొడుకులు రెండు. నల్లది తిన్నాకే తక్కిన రెండూ మూతి పెట్టేవి. నల్లది ముందు, కొడుకులు దాని వెనక నడిచి రావడం చూసి, నాయన బండి దిగకముందే ఆ వరస కనిపెట్టాడు.

“వదినా, దీన్ని ఇంటికాడ కలపొద్దు. చేనుకాడికి తోలుకపోయి నాలుగింటినీ తిప్పండి. కూడు మాత్రం పాతవాటికి పెట్టినాకనే దీనికి పెట్టాల,” అన్నాడు.

“ఏమన్నా, మా ఇంటికి కొత్తగా వచ్చినదాన్ని కడాకు నిలబెడ్తామా? మా ఇంట్లో అట్లాంటిది లేదు,” అంది అత్త.

పిల్లనిచ్చిన ఇంట్లో నాయన ఒక మాట అనడమే ఎక్కువ. నేనే ఉండబట్టలేక, “అత్తా, నాయన చెప్పినట్ల చేస్తాం,” అన్నాను.

“నువ్వుండుమ్మే. మర్యాద నువ్వు నేర్పిస్తావా మాకు?”

సంగటి ముద్దలో మజ్జిగ కలిపి, మూడు కుక్కలూ చూస్తుండగా, వాకిట్లో ఎర్రకుక్క ముందు పెట్టింది. అది ఒక్కసారి మూతి పెట్టిందో లేదో, నల్లది మెడ అందుకుంది. కొడుకులు రెండూ వెనక నుంచి పడ్డాయి. నేను మధ్యలోకి దూరాను. నాయన చెర్నాకోలతో కొట్టి విడిపించేసరికి ఎర్రకుక్క చెవి సగం లేదు, వెనక కాలు కింద మోపలేకపోయింది. నా కొంగు చిరిగిపోయింది.

“అయ్యో, ఎంత మంచి చీర!” అంది పెద్ద తోటికోడలు. కుక్క గురించి మాట్లాడింది అత్త ఒక్కతే. “పెట్టింది తినేకి గూడా చేతగాలేదే దీనికి,” అంది. నాయన నా మొహం చూడకుండానే బండి కట్టుకుని వెళ్లిపోయాడు. నాకు అత్త మీద వచ్చిన కోపం ఈనాటికీ పోలేదు. పోగొట్టుకోవాలని నేనూ అనుకోలేదు.

పశువుల కొట్టంలో దానికి పసుపూ వేపనూనె రాసి బతికించుకున్నాను. ఎవరూ లేనప్పుడు మా మాటలు మాట్లాడేదాన్ని. అత్త చెవిన పడితే, “ఆ కన్నడం మానుకో, మన మాట నేర్చుకోనీ,” అనేది. అది నేర్చుకుంది. మాట ఒక్కటే కాదు, ఆ ఇంట్లో ఎట్లా బతకాలో కూడా. కూడు పెడితే దూరంగా కూర్చుని నల్లకుక్క మొహం చూసేది. మూడూ తిని లేచాకే వచ్చి మిగిలింది నాకేది. రానురాను వాటి పక్కనే పడుకోనిచ్చాయి. గండం గడిచిందని నేను సంతోషించాను కూడా.

కాన్పుకు పుట్టింటికి వెళ్లి, బిడ్డకు ఐదో నెల వచ్చాక తిరిగొచ్చాను. యుద్ధం రోజులు, రైలు నిండా సిపాయిలే. పెనుకొండలో దిగి, బండెక్కి ఇల్లు చేరేసరికి ఒళ్లు హూనమైంది. దారి పొడుగునా ఒకటే అనుకున్నాను, ఇంట్లో ఎవరు పలకరించినా పలకరించకపోయినా ఎర్రకుక్క ఎదురొస్తుందని.

ఎదురొచ్చింది. నాలుగూ మొరుగుతూ వచ్చాయి, అన్నిటికంటే ముందు అదే. చంకలో బిడ్డ కేరుమంది. “బా,” అన్నాను.

మొరగడం ఆపింది. మిగిలిన చెవి నిక్కబొడుచుకుంది. తోక ఒక్కసారి ఆడింది. నన్ను గుర్తుపట్టకపోయి ఉంటే అంత బాధ ఉండేది కాదు. వెనక్కి తిరిగి నల్లకుక్క మొహం చూసింది. నల్లది కదల్లేదు. ఇది వెళ్లి దాని వెనకాల కూర్చుంది.

అత్త గడపలో నిలబడి అంతా చూస్తోంది. “చూస్తివా, మన ఇంటిదైపాయ,” అంది.

ఆమె లోపలికి రమ్మనేదాకా నేను ఆమె మొహమే చూస్తూ వాకిట్లో నిలబడ్డాను.