ఓబులేసన్నకు చెప్పని శ్రుతి

కరోనాకు ముందటి ఏడాది ఎండాకాలం. వేరుశనగ చేతికి రాని ఏడాది కూడా అదే. అయినా కంబదూరులో జాతరకు నాటకం మానలేదు. పాత పద్యనాటకాలు ఊరూరా ఆడే మా సమాజంలో నేను ఇరవై ఏళ్లుగా హార్మోనిస్టుని. బయటివాళ్లకు మా పని పెట్టె వాయించడమే అనిపిస్తుంది. అసలు పని నటుడి గొంతును కాయడం. ఏ ఎత్తులో పాడాలో ఆ శ్రుతి పట్టి ఇచ్చేది మేమే. ఐదు శ్రుతి అంటే మగగొంతుకు బాగా ఎత్తు. ఐదులో పాడితేనే నటుడని మావైపు ఒక పంతం.

మా రాజు వేషధారి ఓబులేసన్న ఐదుకు తగ్గేవాడు కాదు. పగలు తాడిపత్రిలో బండల పాలిష్ పని. గొంతులో బుడిపెలు లేచాయనీ, గట్టిగా పాడితే మాటే పోతుందనీ డాక్టరు చెప్పాడు. ఆయన వినలేదు. ఎవరో ఇచ్చిన పసరుమందు నెలరోజులుగా తాగుతూ, నయమైపోతుందని నమ్మాడు. శ్రుతి తగ్గిద్దామని ఒకసారి నేను నోరు జారితే వారం రోజులు నాతో మాట్లాడలేదు.

అందుకని కంబదూరులో చెప్పకుండానే తగ్గించాను. ప్రార్థన నుంచే నాలుగు పట్టాను. కిరీటం, విగ్గు చెవుల మీదికి దిగి ఉంటాయి, పైగా మైకుల హోరు. ఆయన దాన్నే ఐదు అనుకున్నాడు. గొంతు ఎక్కడా చీలలేదు. చాన్నాళ్ల తర్వాత జనం వన్స్ మోర్ అన్నారు, అంటే అదే పద్యం మళ్లీ పాడమని. మూడుసార్లు పాడాడు. రంగు తుడుచుకుంటూ నా చెయ్యి పట్టుకున్నాడు.

"పసరు పని చేసిందప్పా. నా గొంతు నాకు మళ్లా వచ్చిండాది."

ఆయన కళ్లలో నీళ్లు. అప్పుడైనా చెప్పాల్సింది. ఆ సంతోషం చూసి నోరు రాలేదు. పైగా ఏదో పుణ్యం చేశాననుకున్నాను, సిగ్గు లేకుండా.

పదిహేను రోజులకు యాడికిలో నాటకం. నాకు జ్వరం రావడంతో ఇంకో హార్మోనిస్టును పిలిపించారు. ఒక్క ఊరే కదా అని అతనికి ఫోన్ చేసి చెప్పలేదు. ఓబులేసన్న అడిగి మరీ ఐదు పట్టించుకున్నాడట. రెండో అంకంలో పద్యం నడుమ గొంతు తెగిపోయింది. గాలి తప్ప మాట రాలేదట. జనం ఈలలు వేశారట.

ఆయన ఆసుపత్రి నుంచి వచ్చాక వాళ్లింటికి వెళ్లాను. ఊపిరితోనే మాట్లాడుతున్నాడు, దగ్గరికి వంగితే గానీ వినపడటం లేదు.

"కంబదూరులో ఎంత పట్టినావప్పా?"

"నాలుగు, అన్నా."

జనం వన్స్ మోర్ అన్నది నాలుగుకేనా అని అడిగాడు. అవునన్నాను.

"చెప్పింటే నాలుగులోనే పాడుకుంటాంటి కదప్పా."

ఆయన మళ్లీ వేషం కట్టలేదు. అప్పట్నుంచి తెర లేవకముందే నటుడి దగ్గరికి వెళ్లి, ఈరోజు నీకు ఇంత శ్రుతి అని ముఖం మీదే చెబుతున్నాను. కొందరు కోప్పడతారు, తిడతారు కూడా. తిట్టనీ. తిట్టడానికి వాళ్లకు గొంతుంది.