యారాడ పైడిరాజు, నేను, ఆ సెమీఫైనల్

నిన్న పొద్దున్న మధురవాడలో సిగ్నల్ దగ్గర బండి మీద ఉన్నాను. ఫోన్ మోగింది. మా డాన్స్ క్లాసుకి వచ్చే పాప వాళ్ళమ్మ.

"మాస్టారూ, పైడిరాజు మాస్టారు సచ్చిపోనారంటండీ."

"ఊరుకోండమ్మా, ఎనిమిదింటికి వాడికి క్లాసుంది" అన్నాను.

గుండెపోటట. ఇంట్లో టీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడట. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే అయిపోయింది.

ముప్పై ఆరేళ్ళు. రోజంతా ఎగిరే మనిషికి గుండెపోటేమిటి? నాకింకా బుర్రకెక్కడం లేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పద్నాలుగేళ్ళ క్రితం టీవీ డాన్స్ షోకి వైజాగ్ నుంచి వెళ్ళిన జోడీ మేమే. పైడిరాజుది యారాడ, చేపల వేటకి వెళ్ళే కుటుంబం. నాది తగరపువలస. కాలేజీలో ఒకే బెంచీ. చుట్టరికం లేదు గానీ, బావా అంటే బావా.

మాకు స్టూడియో ఎక్కడిది? యారాడ బీచ్‌లోనే ప్రాక్టీస్.

అద్దాలు లేవు కాబట్టి ఎదురెదురుగా నిలబడేవాళ్ళం. వాడు కుడి చెయ్యి ఎత్తితే నేను ఎడమ చెయ్యి ఎత్తాలి. స్టేజీ మీద ఇద్దరం జనం వైపు తిరుగుతాం కదా, అప్పుడు నేను మొత్తం తిరగేసుకోవాలి. బీచ్‌లో ఎడమ అన్నదల్లా స్టేజీ మీద కుడి. ఇది నా డ్యూటీ. వాడికి ఆ బాధ లేదు.

వాళ్ళమ్మ చేపలమ్ముకుని వచ్చి కాసేపు నడుం మీద చెయ్యేసుకుని చూసేది. "సాల్లేర్రా, పూనకమొచ్చినోళ్ళలాగ ఏటా ఎగురుడు! పులుసుంది, రండి" అనేది. కాళ్ళకి ఇసక కూడా దులుపుకోకుండా తినేవాళ్ళం. అబ్బా, ఆ పులుసు!

సెమీఫైనల్ దాకా వెళ్ళాం.

చివర్లో ఇద్దరం ఒకేసారి కుడికి తిరిగి గాల్లోకి ఎగరాలి. ఒకడు కుడికి తిరిగాడు, ఒకడు ఎడమకి. భుజాలు గుద్దుకున్నాం. పైడిరాజు కింద పడ్డాడు.

స్టెప్ మేం కట్టుకున్నదే. ఎటు తిరగాలో జడ్జీలకీ తెలీదు. "ఎవరిదయ్యా తప్పు?" అని మైకులో అడిగారు.

పైడిరాజు లేచి చెయ్యెత్తాడు. "నాదే సార్. నానే తప్పు తిరిగిపోనాను."

తప్పు తిరిగింది నేను.

తల దించుకుని నిలబడ్డాను.

వారం తర్వాత ఒక డాన్స్ మాస్టర్ దగ్గర్నుంచి ఫోన్. నాకు వచ్చింది, వాడికి రాలేదు. "నువ్వు బాగానే చేశావు, పక్కవాడి వల్ల పోయింది" అన్నారు. బ్యాగ్ సర్దుకుని హైదరాబాద్ వెళ్ళిపోయాను. బస్సెక్కించింది కూడా వాడే, సిగ్గులేకుండా చెబుతున్నాను.

మూడేళ్ళు సినిమా పాటల్లో హీరో వెనక నాలుగో వరసలో ఎగిరాను. తర్వాత మోకాలి లిగమెంట్ పోయింది. మర్నాటికల్లా నా చోట్లో ఇంకొకడు.

మా సీజన్ వాళ్ళలో ఒకమ్మాయి బ్యాంకులో చేస్తోంది. ఒకడికి సెల్‌ఫోన్ షాపు. ఒక్కడు మాత్రం పెద్ద కొరియోగ్రాఫర్ అయ్యాడు. నేను మోకాలికి కట్టు కట్టుకుని ఇంట్లో కూర్చున్నాను.

యారాడ నుంచి బండేసుకుని వచ్చాడు పైడిరాజు.

"ఏటి బావా, ఇంట్లో కూకుని ఏటి సేత్తన్నావ్? రేపు క్లాసుకి వచ్చీ. పిల్లలు ఎక్కువైపోనారు, నానొక్కడినీ సెయ్యలేకపోతన్నాను."

వెళ్ళి చూస్తే పిల్లలు ఏడుగురే.

అక్కణ్ణుంచి మొదలెట్టి స్కూల్ యాన్యువల్ డేలు, పెళ్ళి సంగీత్‌లు, మధురవాడ అపార్ట్‌మెంట్లలో ఆంటీల బ్యాచ్‌లు. అద్దాలు పెట్టించాక కూడా వాడు ఎదురుగా నిలబడే నేర్పేవాడు. "అమ్మా, కుడి సెయ్యి! గరిట తిప్పే సెయ్యి!" అని అరిచేవాడు. ఓసారి ఒక ఆంటీ "మా ఇంట్లో గరిట మావారిది మాస్టారూ" అంది. ఇంకేముంది, ఆ రోజు క్లాసు అక్కడికే సరి.

ఆ సెమీఫైనల్ వీడియో ఇంకా యూట్యూబ్‌లో ఉంది. కింద అన్నీ నవ్వే బొమ్మలే. "కుడీ ఎడమా తెలీని మాస్టారు" అని ఊళ్ళోవాళ్ళు ఆటపట్టించేవారు. వాడూ నవ్వేవాడు. పక్కన నిలబడి నేనూ నవ్వేవాణ్ణి.

రెండుసార్లు కదిపాను. "బావా, ఆ రోజు స్టేజీ మీద..." అనేలోపే, "ఒగ్గీ బావా, టీ సల్లారిపోతంది" అనేవాడు. నేనూ హాయిగా వదిలేశాను. నాకు కావలసింది అదేగా.

నిన్న యారాడ వెళ్ళాను. వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది.

"ఆ దినం సరిగ్గా తిరిగుంటే ఆడూ నీలాగ అయిదరాబాద్ ఎల్లేవోడు కదా బాబూ."

ఇక నావల్ల కాలేదు. అందరి ముందూ చెప్పేశాను. తప్పు నాదమ్మా, వాడు సరిగ్గానే తిరిగాడు అని.

ఆవిడ నా చెయ్యి వదిలేసింది.

"ఈ మాట ఆడుండగా సెప్పుంటే బాగుణ్ణు బాబూ. టీవీలో పరువు తీసీసినావని ఎన్నిసార్లు తిట్టానో ఆణ్ణి."

రాత్రంతా ఆ మాటే.

అందుకే ఇక్కడ, మీ అందరి ముందూ, నా పేరు మీదే రాస్తున్నాను. సెమీఫైనల్‌లో తప్పు చేసింది నేను. ఆ వీడియో కనిపిస్తే ఈ పోస్ట్ దాని కింద పెట్టండి. వాడికి ఏడేళ్ళ కూతురుంది, రేపు చూస్తుంది.

బావా, నా తప్పు నేను తీసేసుకున్నాను. ఇక నువ్వు మొయ్యక్కర్లేదు. ప్రశాంతంగా పడుకోరా.