బండితో సహా నీళ్ళలోకి

ఒక పడవను, దాన్ని మోసే బండిని, ఆ బండిని లాగే ఎడ్లను, వాటన్నిటికీ యజమాని అయిన మేనమామ పరువును ఒక్క మధ్యాహ్నంలో సముద్రం పాలు చేయబోయిన ఘనుడిని మీరు ఇంతవరకు చూసి ఉండరు. చూడాలని ఉంటే కాసేపు కూర్చోండి, ఆయన కథే చెబుతున్నాను. ఆయన నేనే కావడం నా దురదృష్టం. పత్రికలకు చాలా ఏళ్ళు వార్తలు రాశాను. వరదలు, అగ్నిప్రమాదాలు, గాలివానలు, అన్నిటినీ నిబ్బరంగానే రాశాను. ఈ ఒక్క ప్రమాదాన్ని తలచుకుంటే మాత్రం ఇప్పటికీ అరచేతులు చెమరుస్తాయి.

అప్పటికి టెక్కలికి మోటారు బస్సు రాలేదు. నేను టెక్కలి బడిలో చదువు ముగించి, ఏ పనీ దొరక్క, ఏదో దొరికినట్టు నటిస్తూ తిరిగే వయసులో ఉన్నాను. మా అమ్మ తమ్ముడు దాలినాయుడు మావయ్యది మూలపేట. ఆయనకు ఒక కొబ్బరితోట, కాస్త పొలం, ఉప్పుటేట్లో ఒక పడవ ఉండేవి. తోటలో కాయలు ఆ పడవలో ఏరు దాటి, అవతలి గట్టున బండెక్కి, నౌపడా రైలు స్టేషనుకు చేరేవి. మావయ్యకు ఒక్కతే కూతురు, పార్వతి. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ "పార్వతి నీదేరా" అని మా అమ్మ అంటూనే ఉంది. మావయ్య మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. ఆయనకు నా చదువంటే గౌరవమే, నేనంటేనే అనుమానం. పైగా ఆ ఏడు ఇంకో ఊరినుంచి ఒక సంబంధం వచ్చింది. ఆ కుర్రవాడు పడవ నడుపుతాడట, చెట్టెక్కుతాడట, పొగరుబోతు ఎద్దును ఒంటిచేత్తో నిలబెడతాడట. నేను పద్యాలు అప్పజెప్పగలను. అదీ తడబడకుండా అయితే చెప్పలేను.

ఆ వేసవి ఎండలకు మావయ్య పడవ పలకలు విచ్చుకున్నాయి. సంతబొమ్మాళిలో వడ్రంగి పాకకు చేర్చి, సందుల్లో కొబ్బరిపీచు కూరించి, గుగ్గిలం పూయించాడు. ఇక దాన్ని తెచ్చి నీళ్ళలో దించాలి. ఎప్పటి పద్ధతి ఏమిటంటే, ఊళ్ళో మగవాళ్ళందరూ గెడల మీద మోసుకొచ్చి, గట్టున దించి, పూజ చేసి, దుంగల మీద దొర్లిస్తూ ఏట్లోకి నెట్టడం. ప్రతిసారీ ఒకరి నడుం పట్టేది, ఇంకొకరి బొటనవేలు నలిగేది, మరొకరు అలిగి ఇంటికి వెళ్ళిపోయేవారు.

"ఈపాలి మనుసులు దొరకర్రా," అన్నాడు మావయ్య దిగులుగా. "అందరూ ఊడుపులకెల్లిపోనారు. ఈ పున్నమి పోటు దాటిపోనాదంటే నీరు గట్టుదాకా రాదు. కాయలు సూత్తే కుప్పలు పడున్నాయి."

సరిగ్గా అక్కడ నా నోరు తెరుచుకుంది.

"ఇంత శ్రమ దేనికి మావయ్యా? పడవను బండికి కట్టేద్దాం. బండిని వెనక్కి నీళ్ళలోకి తోద్దాం. నీళ్ళు అందగానే పడవ తనంతట తనే తేలుతుంది. ఖాళీ బండిని ఎడ్లు బయటికి లాగేస్తాయి. మళ్ళీ పడవను పైకి తేవాలన్నా అంతే. బండిని నీళ్ళలో ముంచడం, పడవను దాని మీదికి తేల్చడం, లాక్కురావడం. దొరల సీమలో ఇలాగే చేస్తారు."

"నువ్వు సూసినావేటి?"

"బొమ్మ చూశాను."

అది నిజమే. ఎవరో ఇచ్చిన ఇంగ్లీషు పత్రికలో చూశాను. అందులో ఒక దొర, ఒక బండి, ఒక పడవ, బోలెడు నీళ్ళు ఉన్నాయి. తాళ్ళు ఎప్పుడు విప్పాలో ఆ బొమ్మలో లేదు. నేనూ పట్టించుకోలేదు.

మావయ్య నన్ను కొనబోయే దూడను చూసినట్టు కింది నుంచి పై దాకా చూశాడు. "సరే, కానీ. పడవ నీట్లో పడిందంటే, మీ యమ్మ అడుగుతన్న మాట కూడా మాటాడుకుందాం. పడలేదనుకో, ఆ రెండో సంబంధమోల్లకి కబురెట్టీడమే." తలుపు వెనక పార్వతి దగ్గింది. ఆమెకు జలుబు లేదు.

ఇక్కడ ఆ ఇంటి పట్టింపు ఒకటి చెప్పాలి. బాగు చేసిన పడవకు పూజ అయ్యాక, దానికి నీరు ముట్టేదాకా ఇనుప వాదర తగలకూడదు. కత్తి, కొడవలి, చాకు, ఏదీ దరిదాపులకు రాకూడదు. ఈ చట్టాన్ని అమలు జరిపేది మా అమ్మమ్మ. ఎప్పుడూ పూజ ఏటి గట్టున, కట్లన్నీ విప్పిన తరువాతే జరిగేది కనుక దీనివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. నేను రంగంలోకి దిగేదాకా.

అమ్మమ్మ పూజ మొదలుపెట్టిందంటే పోటు వచ్చి, తిరిగి వెళ్ళిపోయి, పడవ ఎందుకు రాలేదా అని మళ్ళీ చూడడానికి వచ్చేంత సేపు చేస్తుంది. అందుకని నా రెండో తెలివి వినిపించాను. పడవను బండికి కట్టాక పాకలోనే పూజ కానిచ్చేద్దాం, గట్టుకు చేరగానే ఆలస్యం లేకుండా దించేద్దాం. అందరూ మెచ్చుకున్నారు. కొబ్బరిపీచు తాళ్ళతో పడవను బండికి నేనే బిగించాను. చుట్టిందే చుట్టి, దూర్చిందే దూర్చి, ముడి మీద ముడి వేశాను. అమ్మమ్మ పడవకు పసుపు రాసింది. తాళ్ళు పక్కనే ఉన్నాయి గనక వాటికీ రాసింది. నా ముడులకు ఒక్కొక్కదానికీ బొట్టు పెట్టింది. అప్పుడు గంప పట్టుకుని నిలబడింది.

"ఎవలెవల మొలల్లో కత్తులున్నాయో ఇందులో ఎయ్యండి. బేగి!"

గురువులు అనే బండివాడు కొడవలి వేశాడు. మావయ్య చాకు వేశాడు. నీళ్ళలో పడవను గెడలతో నడపడానికి పిలుచుకొచ్చిన ఇద్దరు మనుషులూ తమవి వేశారు. నా పెన్సిలు చెక్కుకునే చాకును కూడా అమ్మమ్మ వదల్లేదు. గంపను పాకలోనే ఒక మూల పెట్టించి, మూలపేట దారి పట్టాం.

దారి పొడుగునా నా ప్రాణం నా దగ్గర లేదు, ఆ బండి మీదే ఉంది. ప్రతి గోతిలోనూ పడవ మూలిగేది. ప్రతి మూలుగుకీ మావయ్య నా వంక చూసేవాడు. గురువులు మెల్లగా అడిగాడు.

"బాబూ, ఈ కట్లు ఎప్పుడిప్పడం?"

"నీళ్ళలోకి వెళ్ళాక. ముందే విప్పితే గట్టు వాలుకు పడవ జారి పడిపోదూ?"

"అదీ నిజమేలెండి," అన్నాడు. ఎంత బాగా సమాధానం చెప్పానో అనుకున్నాను.

మేం చేరేసరికి పోటు నిండుగా ఉంది. ఏరు గట్టును ఒరుసుకుంటోంది. పనిలేని ముసలివాళ్ళు, పిల్లల తల్లులు, అందరూ వేడుక చూడ్డానికి వచ్చేశారు. బండిని వెనక్కి తిప్పించాను. గెడల మనుషులిద్దరినీ వెంటబెట్టుకుని పడవెక్కి, దేవుడి ఊరేగింపులో పూజారిలా ముందు నిలబడ్డాను. నాకు ఈత రాదన్న సంగతి అప్పటికి నాకు గుర్తులేదు. గట్టు మీద నిలబడినవాళ్ళు వేసే కేకలు అలాంటివి.

"తొయ్యండి!" అన్నాను.

తోశారు. ఎడ్లు అయిష్టంగా వెనక్కి అడుగులు వేశాయి. చక్రాలు నీళ్ళలోకి దిగాయి. నీరు ఇరుసు దాటింది. తాళ్ళను తడిపింది. పడవ ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలింది. అమ్మమ్మ చేతులు జోడించింది. నేను పార్వతి కోసం చూశాను. చూస్తోంది.

"ఇక కట్లు విప్పండి!"

గెడల మనుషులిద్దరూ ముడుల మీద పడ్డారు. గోళ్ళతో గీరారు, పళ్ళతో కొరికారు. నీళ్ళు తాగిన పీచుతాడు ఉబ్బి రాయిలా బిగుసుకుంది.

"బాబూ, ఇయ్యేటి ముడులు? మొదలెక్కడ, సివరెక్కడ?"

"అటు... కాదు, ఇటు లాగు!"

"ఎటు లాగినా బిగుత్తన్నాది!"

"కోసీండి!" అని గట్టు మీదనుంచి మావయ్య కేక. "నీరు ముట్టీసినాది కదా, కోసీండ్రా!"

"కత్తేదీ?"

 అందరూ అమ్మమ్మ వంక చూశారు. ఆవిడ సంతబొమ్మాళి వైపు చూసింది.

"పార్వతీ! ఇంటికి లగెత్తు! కత్తిపీటైనా తే!" అని మావయ్య అరిచాడు. పార్వతి పరుగెత్తింది. సరిగ్గా అప్పుడే పోటు తిరిగింది.

పడవ తేలింది. నేను చెప్పినట్టే, తనంతట తనే తేలింది. కాని బండిని కూడా ఎత్తుకుని తేలింది. ఏటి లాగుడుకు రెండూ కలిసి మొగ వైపు, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటి వైపు, మొగ్గు చూపాయి. బండితోపాటు ఎడ్లు కూడా. పాపం, అవి ముందరి కాళ్ళు బురదలో తన్ని పెట్టి, కళ్ళు తేలేసి, వెనక్కి వెనక్కి జారుతున్నాయి.

"ఎడ్లురోయ్! నా ఎడ్లు!" మావయ్య గుండెలు బాదుకుంటూ నీళ్ళలోకి దిగాడు. ఊడుపుల రోజుల్లో ఆ జతే పోతే ఆయన పొలం బీడే. గురువులు మెడ లోతు నీళ్ళలోకి దూకి, ఎడ్ల మెడతాళ్ళు లాగేశాడు. అవి నేను కట్టినవి కావు గనక ఊడాయి. ఎడ్లు కాడి విదిలించుకుని, గట్టెక్కి, తోకలెత్తి, ఊరి మీదుగా పరుగు తీశాయి.

ఇక మమ్మల్ని పట్టి ఉంచేది ఏదీ లేదు.

"దూకీండి! దూకీండి! మొగలో పడితే మరి దొరకరు!" అని గట్టు మీద అరుపులు. గెడల మనుషులిద్దరూ గెడలతో సహా దూకేశారు. నేను అంచు దాకా వెళ్ళాను. కింద నీళ్ళు ఆకుపచ్చగా, అడుగు కనపడకుండా ఉన్నాయి. వెనక్కి వచ్చి మధ్యలో కూర్చుని, రెండు చేతులతో అడ్డచెక్కను కావలించుకున్నాను.

పాఠకులారా, సముద్రం హోరు దూరం నుంచి వినడం వేరు, అది మీ కోసమే ఎదురు చూస్తున్నప్పుడు వినడం వేరు. పడవ కింద చక్రాలు నీళ్ళలో గుడగుడమంటూ తిరుగుతున్నాయి. రైలులో పోతున్నట్టే ఉంది, స్టేషన్లు మాత్రం లేవు. గట్టు వెంబడి ఊరంతా పరుగు తీస్తూ సలహాలు విసురుతోంది.

"గెడెయ్యి బాబూ!"

"గెడలు లేవు!"

"సుక్కాని తిప్పు!"

"సుక్కాని లేదు!"

"మరేటున్నాదిరా నీ కాడ?"

"నానే ఉన్నాను! నన్నట్టుకోండిరా నాయనో!" అన్నాను. బడిలో నేర్చుకున్న భాష అంతా అప్పటికే నీళ్ళలో పడిపోయింది. తెలిసిన దేవుళ్ళను పిలిచాను. తెలియని దేవుళ్ళను అడ్డచెక్కను అడిగి తెలుసుకునేలా ఉన్నాను. మా అమ్మ ముఖం కనిపించింది. కబురందుకున్న రెండో సంబంధంవాళ్ళ ముఖాలు కూడా, నవ్వుతూ కనిపించాయి. మొగ దగ్గర విరిగే తెల్లటి నురుగు నిజంగానే కనిపించింది. కళ్ళు మూసుకున్నాను.

కిర్రుమని ఒక చప్పుడయింది. పడవ ఒక్క కుదుపుతో ఆగిపోయింది. నేను మాత్రం ఆగకుండా ముందుకు బోర్లా పడ్డాను. తల ఎత్తి చూస్తే, మొగకు ఇవతల ఉండే ఇసకదిబ్బలో చక్రాలు దిగబడ్డాయి. నీరు తీస్తున్నకొద్దీ దిబ్బ బయటపడింది. పడవ, దాని కింద బండి, ఏటి నడుమ తిరునాళ్ళలో రథంలా నిలబడ్డాయి. పైన ఉత్సవమూర్తిలా నేను. పసుపు, బొట్లు, ముడులు అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

నీరు మోకాళ్ళ లోతుకు తగ్గాక మావయ్య, గురువులు ఎడ్లను తోలుకుని దిబ్బ మీదికి వచ్చారు. వెనకే చీరకుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, చేతిలో కత్తిపీటతో పార్వతి. మావయ్య నా దగ్గరికి వస్తుంటే అడ్డచెక్కను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఆయన నన్ను దాటిపోయాడు. పడవ చుట్టూ తిరిగి ప్రతి పలకా తట్టి చూశాడు. ఒక్క పలకా కదల్లేదు.

"మిగతావోల్లందరూ దూకీసినారు," అన్నాడు చివరికి.

"అవును మావయ్యా."

"మొగ కనిపించినాది కదా నీకు?"

"కనిపించింది."

"మరి నువ్వు దూకలేదేటిరా?"

"మావయ్యా, నిజం చెప్పాలంటే..."

"ఏటీ సెప్పక్కర్లేదు!" ఆయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "నాకు తెలిసిపోనాది. పేనం పోయినా మావ పడవ ఒగ్గకూడదనుకున్నావు. పడవనొగ్గనోడు పెల్లాన్ని ఒగ్గుతాడేటి? గురువులూ, ఆ రెండో సంబంధమోల్లకి కబురెట్టీ, పిల్లకి సంబంధం కుదిరిపోనాదని!"

నేను నోరు తెరిచాను. కత్తిపీటతో నిలబడి ఉన్న పార్వతి నన్ను, నేను కావలించుకున్న అడ్డచెక్కను, తెల్లబడిపోయిన నా వేళ్ళను వరసగా చూసింది. మావయ్య ఎడ్లను పూన్చడానికి వెళ్ళగానే దగ్గరికి వచ్చి గుసగుసగా అడిగింది.

"బావా, నీకు ఈతొచ్చా?"

"రాదు."

"అనుకున్నాను," అంది. పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. "అయ్యకి సెప్పకు. నానూ సెప్పనులే."

కట్లు విప్పకుండానే ఎడ్లు ఆ బండిని, దాని మీది పడవను అలవోకగా ఒడ్డుకు లాగేశాయి. పడవను నీళ్ళనుంచి పైకి తెచ్చే నా పద్ధతి మాత్రం ఆ విధంగా, ఎవరూ కోరకుండానే, సంపూర్ణంగా రుజువయింది. మర్నాటి పోటుకు గట్టు మీద కట్లు కోసి, ఆ తరువాత అమ్మమ్మ చేత పూజ చేయించి, వేడుక చూసిన ఊరివాళ్ళ చేతనే దుంగల మీద దొర్లించి పడవను దింపించారు. నన్ను మాత్రం ఎక్కనివ్వలేదు. కాబోయే అల్లుడు అలిసిపోయాడట.

ఆ రోజు ఇసకదిబ్బ మీద నిలబడి చేసిన శపథాన్ని ఇప్పటికీ పాటిస్తున్నాను. ఈ జన్మలో చక్రాలున్న దేన్నీ నీళ్ళలోకి తోయను. నీళ్ళలో తేలే దేన్నీ చక్రాలకు కట్టను. బొమ్మలు చూసి సలహాలు చెప్పను. ఈత నేర్చుకుంటానని మాత్రం శపథం చేయలేదు. పార్వతి వద్దంది. మళ్ళీ ఎప్పుడైనా అలాంటి అవసరం వస్తే దూకేస్తానేమోనని ఆవిడ భయం.