బెల్లం పొయ్యి దగ్గర నా సొంత వైద్యం

డిగ్రీలో నేను ఒక ఏడాదిని చేజేతులా తగలబెట్టుకున్న సంగతి చెబుతాను. నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. అప్పట్లో నాకు మాత్రం ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

తొంభైల చివర. తిరుపతిలో సూక్ష్మజీవశాస్త్రం చదువుతున్నాను. ఆఖరి ఏడాది ప్రాక్టికల్స్‌కు ఇంకో రెండు రోజులున్నాయనగా, చిత్తూరు దగ్గర మా పల్లెలో నాకు జ్వరం తగులుకుంది. ఆ పరీక్షకు వెళ్లకపోతే ఏడాది పోయినట్టే. నాయన మాత్ర తెచ్చాడు.

"మింగరా, చెమట పట్టి దిగిపోతాది."

"వద్దు నాయనా. జ్వరమొస్తే ఆ వేడికి క్రిములు పెరగలేవు. మాత్ర ఏసుకుంటే వాటికి సాయం చేసినట్టే."

"ఎవురు చెప్పినారు?"

"పుస్తకంలో ఉండాది."

మూడో తరగతితో బడి మానేసిన మనిషి. పుస్తకం అనేసరికి పాపం మాత్రను మళ్లీ పొట్లంలో చుట్టేశాడు.

అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను? కొంచెం వేడికే క్రిములు నీరసిస్తే, బాగా వేడి తగిలితే చచ్చి ఊరుకోవాలి కదా అనుకున్నాను. మా చెరకుతోటలో ఆ వారం బెల్లం వండుతున్నారు. మిట్టమధ్యాహ్నం కంబళి కప్పుకుని వెళ్లి, పొయ్యికి ఎదురుగా కూర్చున్నాను. చెరకు పిప్పి భగభగ మండుతోంది. పైన పెనంలో రసం ఉడుకుతోంది, కింద నేను ఉడుకుతున్నాను.

"ఈడేం జేస్తా ఉండావురా?" అన్నాడు నాయన.

"క్రిముల్ని సంపుతా ఉండా."

"నీ మొగమంతా ఎర్రగా అయిపోయిండాది గదరా."

"అవి ఇంకా ఎర్రగా అయ్యుంటాయి నాయనా."

నాకు గుర్తున్న ఆఖరి మాట అదే. కళ్లు తెరిచేసరికి చిత్తూరులో ఆసుపత్రి మంచం, చేతికి గ్లూకోజు సూది, నుదుటి మీద తడిగుడ్డ. పరీక్ష అంతకు ముందురోజే అయిపోయింది. ఏడాది చదువు అలా గాలికి పోయిందని తెలిసి గుండె చెరువైంది. కావాల్సొస్తుందేమోనని నాయన నా పుస్తకం తెచ్చి తలగడ పక్కన పెట్టాడు. దాన్ని తిరగేస్తుంటే ఆయన మొహం చూడలేకపోయాను.

నాయన దగ్గర సంగతంతా విన్న డాక్టరుగారు వచ్చారు.

"వేడికి క్రిములు నెమ్మదిస్తాయి, నిజమేనప్పా. ఆ వేడి ఎంత ఉండాలో ఒళ్లే సూసుకుంటాది. బయటినుంచి మంట పెడితే వాటికన్నా ముందు నువ్వే పోతావు. ఆ మాట మీ పుస్తకంలో లేదా?"

"ఉండాది సార్. తర్వాతి పేజీలో."

"మరి సదవలేదా?"

"జ్వరంగా ఉండె సార్."

నాయన లేచి బయటికి వెళ్లిపోయాడు. నవ్వుకోవడానికో, ఏడవడానికో నేను ఇప్పటిదాకా అడగలేదు.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పేజీ తిప్పకుండా ఇక ఏ వైద్యమూ మొదలుపెట్టను. జ్వరమొస్తే అసలు పుస్తకమే తెరవను.