తూటాను గాలి నెట్టదన్న మాస్టారు

చైనా యుద్ధం అయిన మరుసటేడు బందరులో మా కాలేజీ కుర్రాళ్లందరి చేతా తుపాకులు పట్టించారు. మాకు ఫిజిక్స్ చెప్పే మాస్టారే కేడెట్ల ఆఫీసరు. ఆయన తుపాకి పేల్చగా చూసినవాడు లేడు గానీ పాఠం మాత్రం దంచేవారు. "గాలి గొడుగుని తిప్పుతుందిరా, తూటాని కాదు. తూటా ముందు గాలెంత!" మేం చచ్చినట్టు రాసుకున్నాం.

రాష్ట్ర పోటీకి మాలో ఒక్కడినే పంపుతామన్నారు. వెళ్లొచ్చినవాడికి పోలీసు ఉద్యోగం చేతికొచ్చినట్టేనని అందరూ అనేవారు. నాకేం, గుడివాడలో నాన్నకి రైసుమిల్లు ఉంది. నా స్నేహితుడిది దివిసీమలో సముద్రపొడ్డు పల్లె. ఉన్న ఒక్క పడవా తుపానులో పోయింది. ఆ ఉద్యోగం వస్తేనే వాళ్లింట్లో పొయ్యి వెలిగేది.

ఎవణ్ని పంపాలో తేల్చడానికి ఇసక దిబ్బల ముందు టార్గెట్లు పాతారు. ఐదొందల గజాల దూరం. మధ్యాహ్నం దాటింది, కుడివైపు నుంచి పైరగాలి చొక్కాలు పీకేస్తోంది. మాస్టారి గొడుగు రెండుసార్లు తిరగబడింది. అయినా ఆ మహానుభావుడికి అనుమానం రాలేదు!

వాడిది రెండో టార్గెట్టు, దాని కుడిపక్క మూడోది నాది. పడుకుని గురిపెడుతుంటే వాడు మెల్లిగా అన్నాడు: "బావా, గాలి ఎడమకి తోసేస్తది. అవతల గట్టుకి పోవాలంటే పడవ ముక్కు గాలికేసి తిప్పమూ? ఇదీ అంతే. కాస్త కుడికి పట్టు."

"నోర్మూసుకోరా, మాస్టారు వింటారు," అన్నాను.

వాడు రెండు టార్గెట్ల మధ్య ఖాళీకి గురిపెట్టాడు. నేను పాఠం ప్రకారం నా టార్గెట్టు నడిమధ్యకే పెట్టాను. చెరో ఐదు పేల్చాం. నా కాగితానికి గీత కూడా పడలేదు. వాడిదాంట్లో ఐదు బొక్కలు, అన్నీ నడిమధ్యన.

వాడి వెనకే నిలబడి చూసిన మాస్టారు లెక్క తేల్చేశారు. "నీ గొట్టం ఖాళీకేసి ఉంది, కళ్లారా చూశాను. అటు పెట్టి కొడితే ఇక్కడెలా పడుతుందిరా? ఇవి నీవి కావు."

"గాలండీ..." అన్నాడు వాడు.

"గాలిట గాలి! చేపలు పట్టుకునేవాడివి, నాకు ఫిజిక్స్ చెప్తావా?" అని నా వైపు తిరిగారు. "పక్కవాడి టార్గెట్టు నీదనుకుని కొట్టింది నువ్వే కదూ?"

వాడు నా మొహంలోకే చూస్తున్నాడు. కాదండీ అని ఒక్క మాట అంటే చాలు.

"అవునండీ, పొరపాటైందండీ," అన్నాను.

"టార్గెట్టు తప్పితే తప్పింది, వీడి గురి చూడండిరా!" అని మాస్టారు నా భుజం తట్టారు. సిగ్గులేకుండా తట్టించుకున్నాను. వాడు మళ్లీ నాతో మాట్లాడలేదు. పోటీకి వెళ్లాను, ఒక్కటీ తగల్లేదు. ఉద్యోగం మాత్రం వచ్చింది. ముప్పై ఏళ్లు దొంగల్ని పట్టుకుని జీతం తీసుకున్నాను.