పడుగు దాటిన రోజు

మొన్న మనవరాలు కొత్త నేత చీర తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది. రంగు ఎలా ఉంది, అంచు ఎలా ఉంది అని ఆ పిల్ల అడుగుతూనే ఉంది గాని, నేను అప్పటికే అక్కడ లేను. పాత బెజవాడలో ఒక ఇరుకు సందు, అందులో చిన్న బట్టల కొట్టు, కొట్టు నేలంతా పరిచిన తెల్ల దుప్పటి, దానిమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న వీరభద్రయ్యగారు, ఎదురుగా పదిహేడేళ్ళ నేను. నాకు నటన నేర్పింది ఆయనే. ఆ కొట్లోనే నేర్పారు. ఆయన్ని చూడనివాళ్ళు ఈ మాట వింటే నవ్వుతారు. నవ్వనీయండి.

వీరభద్రయ్యగారిది నేత కుటుంబం. మగ్గం వదిలి బట్టల వ్యాపారంలోకి వచ్చారు. పగలు కొట్టు, తీరిక దొరికితే నాటక సమాజం. ఆ రోజుల్లో ఆడవేషాలు మగవాళ్ళే కట్టేవారు. ఇరవై ఏళ్ళపాటు ఆ సమాజంలో కథానాయిక వేషం ఆయనదే. ఆయన కొంగు సర్దుకునే తీరు చూసి ఇంటికెళ్ళి అద్దం ముందు సాధన చేసిన ఇల్లాళ్ళు ఊళ్ళో ఎంతమందో. నేనెరిగేనాటికి ఆయనకి నలభై అయిదు దాటాయి. నడుం లావెక్కింది, గొంతు పైకి వెళితే జీరపోతోంది. ఆ మాట ఇతరులు అనకముందే ఆయనే అన్నారు. నేతవాళ్ళ కష్టాల మీద తానే ఒక సాంఘిక నాటకం రాసి, అందులో నేతగాడి భార్య వేషం నిజమైన ఆడపిల్లే వెయ్యాలని పట్టుబట్టారు. తనకి అత్తగారి వేషం చాలన్నారు. సమాజంలో పెద్దలకి ఇది మింగుడుపడలేదు. చివరికి, ఒక్క ప్రదర్శన చూద్దాం, జనం ఒప్పుకోకపోతే కోడలి వేషం మళ్ళీ మీరే వెయ్యాలని రాజీకి వచ్చారు.

ఇక నేనెలా దొరికానంటే, మాది గుణదల. నాన్న ఒక ఆసుపత్రిలో కాంపౌండరు. క్రిస్మస్‌కి మా గుడి ఆవరణలో వేసిన నాటకంలో నేను సత్రం యజమాని భార్యని. నిండు నెలలతో వచ్చిన మరియమ్మకి చోటు లేదని చెప్పి తలుపు వెయ్యడమే నా పాత్ర. తలుపుగా పెట్టిన తడిక కాస్తా ఊడి నామీద పడింది. దాన్ని నెత్తిమీద పట్టుకునే, చూశావుగా తల్లీ, ఇల్లే నామీద పడుతోంది, నీకెక్కడ చోటివ్వను అన్నాను. అందరూ పడీపడీ నవ్వారు. వేషాలకి బట్టలు ఇచ్చిన వీరభద్రయ్యగారు మాత్రం నవ్వలేదట. మర్నాడు మా ఇంటికి వచ్చారు. నాన్న రెండు రోజులు ఆలోచించి మూడు షరతులు పెట్టారు. తనూ వెంట వస్తారు. చీకటి పడకముందే ఇల్లు చేరాలి. జనంలోంచి నా గురించి ఒక్క తప్పుమాట వినబడినా అదే ఆఖరు. చీకటి సంగతి తేలికే అయింది. యుద్ధం రోజులు కనుక దీపాల మీద ఆంక్షలుండేవి. నాటకాలు మధ్యాహ్నమే మొదలుపెట్టేవారు. మూడో షరతే నా గుండెలమీద కూర్చుంది, ఎందుకంటే అప్పటికే నాకు నాటకం తప్ప మరో ధ్యాస లేదు.

మొదటి నెల ఆయన నాకేమీ నేర్పలేదు, వచ్చినదాన్ని పోగొట్టారు. ఆయన నాటకాలు చూస్తూ పెరిగినదాన్ని కనుక అచ్చం ఆయనలాగే వయ్యారంగా నడిచి చూపించాను. ఆయన తల పట్టుకున్నారు.

"అమ్మాయ్, అది మగాడు ఆడదానిలా నడిచే నడక. నువ్వు పుట్టుకతోనే ఆడపిల్లవి, నీకెందుకది? రెండు బిందెలు నీళ్ళు మోసుకొచ్చి అప్పుడు నడువు."

నిజంగానే మోయించారు. సందు చివరి కుళాయి నుంచి కొట్టు వెనకాల ఉన్న వాళ్ళ ఇంటిదాకా రోజూ మోశాను. ఆయన నటన నేర్పుతున్నారో, భార్యకి పనిమనిషిని కుదిర్చారో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

అప్పటికప్పుడు మాట అల్లుకోవడం మాత్రం బేరాల మధ్యే నేర్పారు. నూలు కరువై కొట్లో సరుకు సగం లేదు. ఒకరోజు ఎర్రంచు పంచెలచాపు కావాలని ఒక పెద్దాయన వచ్చారు. లేదండీ అన్నాను. ఆయన చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు. కోపం వస్తే వీరభద్రయ్యగారి గొంతు తగ్గేది. ఆ రోజు బాగా తగ్గింది.

"నువ్వు లేదన్నావు, ఆయన ఎల్లిపోయాడు. స్టేజీ మీదా అంతే. ఎదటివాడు ఏదో ఒకటి తెస్తాడు. నీకు నచ్చినా నచ్చకపోయినా ముందు దాన్ని చేతిలోకి తీసుకో. తరవాత నీది కలుపు."

ఆనాటి నుంచి లేదు అనే మాట నాకు నిషిద్ధం. ఎర్రంచు అడిగినవారిని కూర్చోబెట్టాలి, ఎవరి పెళ్ళికో కనుక్కోవాలి, పెళ్ళికొడుకు చాయ అడగాలి, మెల్లిగా ఉన్న నీలంచు మీదికి మనసు మళ్ళించాలి. ఇది తిమ్మిని బమ్మిని చెయ్యడం కాదా అని దెప్పాను. ఒక్క అబద్ధం కూడా ఆడకుండా చెయ్యి చూద్దాం, విద్యంతా అందులోనే ఉందన్నారు. బేరాలు లేనప్పుడు మడతపెట్టిన తువ్వాలు ఒకటి నామీదికి విసిరేవారు. అది చేతిలో పడేలోగా పసిబిడ్డో, పోలీసు కాగితమో, చచ్చిన కోడో నేను తేల్చుకుని మాట మొదలుపెట్టాలి. మొదట్లో నోరు పెగిలేది కాదు. ఆడలేక మద్దెల ఓడన్నట్లు, మీరు సరిగా విసరలేదని ఆయన మీదే నేరం మోపేదాన్ని. మూడో నెలకి కొనడానికి వచ్చినవాళ్ళు బేరం మరిచి నిలబడి చూసేవారు. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి. అది గొప్పే, అందుకే చెప్పుకుంటున్నాను.

నాటకంలో నేతగాడి ఇంటిముందు పడుగు సాగదీసి ఉంటుంది. మగ్గానికి ఎక్కించే ముందు నిలువు దారాలన్నీ బారుగా లాగి గంజి పెడతారే, అది. అడ్డంగా నేసే దారం పేక. సాధనలో రెండు పీటల మధ్య కొబ్బరితాడు కట్టి, ఇదే పడుగనుకో అన్నారు. నేను బిందె చంకనెత్తుకుని దాన్ని రోజుకి పదిసార్లు దాటి ఇంట్లోకి వెళ్ళేదాన్ని.

మొదటి ప్రదర్శన ఒక ఆదివారం. బొగ్గుతో నడిచే బస్సెక్కి, ఇప్పుడు హనుమాన్ జంక్షన్ అంటున్న చోట దిగి, అక్కణ్ణించి ఎడ్లబండి మీద ఒక నేతవాళ్ళ ఊరు చేరాం. మన మీద నాటకం ఆడుతున్నారని ఆ ఊరివాళ్ళకి ఎంత సంబరమంటే, తాడెందుకని చెప్పి నిజమైన పడుగే తెచ్చి వేదిక మీద సాగదీశారు. అది వాళ్ళు చేసిన మర్యాద. పట్టపగలు కావడంతో ముందు వరసలో నాన్న ముఖం, ఆయన పక్కన సమాజం పెద్దల ముఖాలు, వెనకాల వందలాది ముఖాలు అన్నీ కనబడుతున్నాయి.

మొదటి రంగం బాగా నడిచింది. రెండో రంగంలో బిందెతో వచ్చాను. అలవాటైన కాలు లేచింది. పడుగు దాటాను.

జనమంతా ఒక్కసారి అయ్యో అన్నారు. నాకేమీ అర్థం కాలేదు. ఆడవాళ్ళ వరసలోంచి ఒక ముసలమ్మ లేచి నిలబడింది.

"పడుగు దాటిందే ఈ పిల్ల. నేసేవాళ్ళ కోడలేనా ఇది?"

నాన్న కుర్చీలోంచి లేచారు. అత్తగారి వేషంలో రాట్నం ముందు కూర్చున్న వీరభద్రయ్యగారి వైపు చూశాను. ఆయన చెయ్యి రాట్నం మీద ఆగి ఉంది. నన్నే చూస్తున్నారు, పెదవి కదపడం లేదు. సమాజం పెద్దలూ ఆయన్నే చూస్తున్నారు. నాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. ఇక ముసలమ్మ తెచ్చినది తీసుకోవడం తప్ప గత్యంతరం లేదు.

"దాటానమ్మా, తప్పే," అన్నాను ఆవిడ వైపు తిరిగి. "పేకకి నూలు లేక మగ్గం ఆగి నాలుగు నెల్లయింది. నిన్నటినుంచి పొయ్యి వెలగలేదు. ఆకలికి కళ్ళు తిరిగి కాలికిందేముందో చూసుకోలేదు. పెద్దదానివి, ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

ఆ ఊళ్ళోనూ మగ్గాలు ఆగే ఉన్నాయని నాకు తెలుసు, దారిలో చూశాను. ఆవిడ గొంతు మారిపోయింది.

"కళ్ళకద్దుకో తల్లీ. అద్దుకుని చుట్టూ తిరిగి ఎల్లు."

బిందె దించి, వంగి, పడుగుని కళ్ళకద్దుకున్నాను. మళ్ళీ బిందె ఎత్తుకుని ఆ చివరిదాకా నడిచి చుట్టూ తిరిగి వచ్చాను. ఎన్నో బిందెలు మోసిన నడకే అది. జనంలో ఎవరో వెక్కి ఏడుస్తున్నారు. రాట్నం మళ్ళీ తిరిగింది. వీరభద్రయ్యగారు రాసుకున్న తరవాతి మాట అందుకున్నారు. నాన్న కూర్చున్నారు.

నాటకం అయ్యాక నాన్న వీరభద్రయ్యగారి దగ్గరికి వెళ్ళి, "వచ్చే ఆదివారం మా గుడిలో పూజ అయ్యాక బయల్దేరితే సరిపోతుందాండీ?" అని అడిగారు. సమాజం పెద్దలు వేషం ఊసే ఎత్తలేదు.

తిరుగు బండిలో నా కోపం చల్లారలేదు. పడుగు దాటకూడదని ఎందుకు చెప్పలేదండీ అని నిలదీశాను.

"చెప్పాలని తోచలేదమ్మాయ్. మా ఇళ్ళల్లో నడక రాని పిల్ల కూడా దాని చుట్టూ పాక్కుంటూ ఎళ్తుంది. అది ఒకళ్ళు నేర్పాల్సిన సంగతని నాకే తెలీదు. తాడు కట్టాను, తాడే చూశాను. తప్పు నాదే."

మరి పక్కనే ఉండి ఆదుకోలేదేం అన్నాను. ఆయన ముఖాన రంగు ఇంకా పూర్తిగా పోలేదు.

"మాట నాలిక చివరిదాకా వచ్చింది. అత్తని కదా, నాలుగు తిట్టి ఆ ముసలమ్మని నవ్వించేవాణ్ణి. నాటకం నిలబడేది. నువ్వు పడేదానివి. ఏషం మళ్ళీ నా దగ్గరికొచ్చేది." గొంతు బాగా తగ్గింది. కోపం కాదు. "రావాలనీ ఉంది. అబద్ధమెందుకు. అందుకే మింగాను."

ఆయన మళ్ళీ కథానాయిక వేషం కట్టలేదు. నేను ఆ వేషం ఆరేళ్ళు వేశాను, తరవాత ఆడపిల్లల బళ్ళో టీచరునై ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత నాటకాలు వేయించాను. మాట మరిచిన పిల్ల తెర పక్కన నిలబడ్డ నావైపు బిక్కమొహంతో చూస్తుంది. అందించాల్సిన మాట నా నోట్లోనే ఉంటుంది. కాస్త ఆగుతాను. చాలామంది తమ మాట తామే వెతుక్కున్నారు. ఒకరిద్దరు వెతుక్కోలేక ఏడ్చారు, వాళ్ళ అమ్మలు వచ్చి నన్ను దులిపేశారు. అయినా మానలేదు. నోరు మూసుకుని నిలబడటంలో ఉన్న కష్టం ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారీ తగ్గలేదు. నాకు అక్కడ పోయేదేమీ లేదు, ఆయనకి ఆ రోజు ఉంది, ఇరవై ఏళ్ళ వేషం.

ఆయన మింగిన మాట ఏమిటో నేనెన్నడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. నేనన్న దానికంటే అది మంచి మాటే అయి ఉంటుంది.