అక్క వేయకూడని ముద్ర

విమానాల రెక్కలు బిగించే ఆ షెడ్డులో ఆమెను అందరూ అద్దాలక్క అనేవారు. పొడుగాటి కాడకు చిన్న అద్దం తగిలించి, రెక్క లోపలి సందుల్లోకి పోనిచ్చి, టార్చి వేసి, రేకుల్ని కలిపి బిగించే ప్రతి రివెట్టూ చూసేది. బాగుంటే తన ముద్ర వేసేది. బాగోకపోతే ఎంతటి మొనగాడు కొట్టినా పీకించేది.

"మీ ఆయన్ని కూడా ఇలాగే చూసి ఎంచుకున్నావా అక్కా?" అని పనివాళ్ళు ఆటపట్టిస్తే, "అప్పటికి టార్చి కొనలేదు" అనేది.

ఆ షెడ్డులోనే ఆమె చెల్లెలు రివెట్లు కొట్టేది. చిన్నప్పుడే తల్లి పోతే అక్కే కడుపులో పెట్టుకుని పెంచింది, అక్కే పనిలోనూ చేర్పించింది. అయితే సొంతవాళ్ళ పని మీద ముద్ర వేయకూడదని అక్కడి నియమం. చెల్లెలి పని ఇంకో ఇన్‌స్పెక్టరు చూసేవాడు.

అక్క ప్రాణం ఊరుకుంటుందా? అందరూ భోజనాలకు వెళ్ళాక చెల్లెలు కొట్టిన వరసంతా తడిమి, పాడైన వాటి చుట్టూ పెన్సిలుతో సున్నాలు చుట్టేది. చెల్లెలు వాటిని పీకి, మళ్ళీ కొట్టి, సున్నాలు తుడిచేసేది. ఆ ఇన్‌స్పెక్టరుకు ఏనాడూ తప్పు దొరకలేదు. 'అక్కకు తగ్గ చెల్లెలు' అన్నారు. ముద్ర వేయలేదుగా, నియమం ఎక్కడ తప్పానని అక్క తనకు తానే సర్దిచెప్పుకుంది. ప్రేమ ఎక్కువైనా ప్రమాదమేనంటే ఎవరు వింటారు లెండి!

ఇంతలో రివెట్లు కొట్టే యంత్రాలు, వాటిని చూసే కెమెరాలు వచ్చాయి. ఇంతమంది మనుషులు అక్కర్లేదన్నారు. వయసు పైబడినవాళ్ళందరినీ ఇంటికి పంపేసి, కెమెరా దూరని సందులు చూడటానికి ఒక్క ఇన్‌స్పెక్టరును ఉంచుతామన్నారు. ఒక్క తప్పూ లేని మనిషి చెల్లెలేనని ఆ చోటు ఆమెకు ఇచ్చారు. చెల్లెలి మొగుడి పని అప్పటికే ఊడింది. ఇద్దరు పిల్లలు. ఆ మాట విన్ననాడు అక్క తన పని పోయిందన్న సంగతే మరిచిపోయింది.

వెళ్ళేలోపు పని నేర్పుదామని, పక్కన పారేసిన రెక్క ముక్క దగ్గరికి చెల్లెల్ని తీసుకెళ్ళింది.

"చూడు. ఏం కనిపిస్తోంది?"

"అంతా బాగానే ఉందక్కా."

రివెట్టు పక్కన వెంట్రుకంత బీట. అక్క టార్చి ఇంకా దగ్గరగా పట్టింది. ఆ రోజూ, మర్నాడూ, ఆ పై రోజూ చూపించింది. ఒక్కటీ పట్టలేకపోయింది పిచ్చిది.

"కెమెరా చూస్తుందిగా అక్కా."

"కెమెరా చూడలేని చోటికేగా నిన్ను పెట్టింది!"

ముందు నుయ్యి, వెనుక గొయ్యి అయింది అక్కకు. నోరు మూసుకుంటే చెల్లెలి ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. కానీ ఆ విమానం ఎక్కే తల్లులూ పిల్లలూ కళ్ళ ముందు కదిలారు. చివరికి సూపర్‌వైజరు గదిలోకి వెళ్ళి సున్నాల సంగతంతా చెప్పేసింది.

"ఇది నేను పైకి చెప్తే నీ చెల్లెలికి కొత్త పనీ ఉండదు, పాత పనీ ఉండదు. ఆలోచించుకున్నావా అమ్మా?"

"ఆలోచించే వచ్చాను సార్."

చెల్లెల్ని ఆ వారమే తీసేశారు. గేటు బయట అక్క కనిపిస్తే ముందు మొహం తిప్పుకుంది. తిడితే బాగుండుననుకుంది అక్క. కాళ్ళు పట్టుకోవడానికి కూడా సిద్ధపడే వచ్చింది.

"పని పోయిందని కాదక్కా నా ఏడుపు" అంది చెల్లెలు. "నా తప్పు నేను పట్టుకునేదాకా ఒక్కసారైనా ఆగావా నువ్వు? నలుగురిలో తిట్లు తిని ఉంటే నాకూ ఆ కన్ను వచ్చేదేమో."

పిల్లలు బడి నుంచి వచ్చే వేళయిందని చెల్లెలు బస్సెక్కి వెళ్ళిపోయింది.